సరఫరా పౌనఃపున్య గడియారం

ఇళ్లకు అందే ఏసీ విద్యుత్తు ఆవర్తనాలను లెక్కించి కాలాన్ని చూపే గడియారం. పౌనఃపున్యం 50 హెర్ట్జ్ ఉన్న భారత్, ఐరోపాల్లో 50 ఆవర్తనాలకు ఒక సెకను, అమెరికాలో 60.

అమెరికా ఇంజినీరు హెన్రీ వారెన్ 1916లో బోస్టన్ విద్యుత్కేంద్రంలో మాస్టర్ గడియారాన్ని అమర్చాడు. అందులో ఒక ముల్లును లోలకం, మరొకదాన్ని సరఫరాతో నడిచే సింక్రనస్ మోటారు తిప్పేవి. రెండూ కలిసి సాగేలా సిబ్బంది జనరేటరు వేగాన్ని సరిచేసేవారు. ఇంటి గడియారాలు నమ్మదగినవయ్యింది ఈ సరళమైన ఏర్పాటుతోనే.

ఎలక్ట్రానిక్ గడియారంలో ట్రాన్స్‌ఫార్మరు తగ్గించిన వోల్టేజిని ష్మిట్ ట్రిగ్గర్ చదరపు స్పందనలుగా మారుస్తుంది. కౌంటరు వాటిని 50తో భాగిస్తుంది. లైనులోని విద్యుత్ రొదను ఫిల్టరు ఆపకపోతే అదనపు స్పందనలు చేరి గడియారం ముందుకు పోతుంది. కరెంటు పోయినప్పుడు లెక్క సాగాలంటే బ్యాటరీ, ఆసిలేటరు కావాలి.

గ్రిడ్ దీర్ఘకాలిక సగటును సరిదిద్దితేనే కచ్చితత్వం నిలుస్తుంది. భారత గ్రిడ్ కోడ్ పరిధి 49.90–50.05 హెర్ట్జ్, రోజంతా దిగువ హద్దులో ఉంటే గడియారం 172.8 సెకన్లు వెనకబడుతుంది. సెర్బియా–కొసావో ప్రాంతంలో ఉత్పత్తి లోటు వల్ల 2018 జనవరి–మార్చి మధ్య ఐరోపా ఖండంలో ఇటువంటి గడియారాలు దాదాపు 6 నిమిషాలు వెనకబడ్డాయి.