చుట్టు, ముడి, కొలికి: గాలపు దారానికి ఎరను కలిపే పద్ధతుల చరిత్ర - కడప జిల్లా నేపథ్యం

వ్యాససంగ్రహం: గాలపు వేటలో దారానికీ గాలానికీ మధ్యనున్న కలయిక అతి చిన్న భాగం. వేట ఫలితం మాత్రం దానిపైనే ఆధారపడుతుంది. ఈ కలయిక చరిత్రలో చుట్టు, ముడి, కొలికి అనే మూడు పద్ధతులు కనిపిస్తాయి. దారపు పదార్థం, గాలపు తల ఆకృతి, ఎర కదలిక అనే మూడు కారణాలు ఈ పద్ధతుల ఎంపికను నిర్ణయించాయని నిరూపించడం, వృత్తి పదజాల సేకరణలో ఈ అంశానికి గల స్థానాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గాలం, ఎర, జారుముడి, పీటముడి, కొలికి, నార, నైలాన్, కొరమీను, వృత్తి పదజాలం.

1. ఉపోద్ఘాతం

పులివెందుల ప్రాంతంలోని తుమ్మలపల్లెకు తూర్పున పాపాఘ్ని, పడమట చిత్రావతి ప్రవహిస్తాయి. ఈ రెండూ పెన్నానదికి ఉపనదులు. ఏడాది పొడవునా పారే నదులు కావు గనుక ఈ సీమలో చేపల వేట ప్రధానంగా మడుగులను, చెరువులను ఆశ్రయించింది. జమ్మలమడుగు పేరులో జమ్ము, మడుగు అనే రెండు మాటలూ వినిపించడం గమనార్హం. ఆధునిక కాలంలో కర్నూలు-కడప కాలువ, మైలవరం, గండికోట, చిత్రావతి జలాశయాలు వేటకు కొత్త తావులయ్యాయి.

చేపల వేట చరిత్రలో వలకు దక్కిన ప్రాధాన్యం గాలానికి దక్కలేదు. గాలపు వేటను గురించిన రచనలలో కూడా ఎర, చేప జాతి, కర్ర మొదలైనవి ముందుకు వస్తాయి. దారం గాలాన్ని అంటిపెట్టుకొని ఉండే తావు మరుగున పడిపోతుంది. నార, నూలు నీటిలో నశిస్తాయి. ఇనుము తుప్పుపట్టినా కొంతకాలం నిలుస్తుంది. ముడి మాత్రం దారంతోపాటే అదృశ్యమవుతుంది. కాబట్టి దాని చరిత్రను పదార్థాల చరిత్ర ద్వారా, గ్రంథాల ద్వారా, భాష ద్వారా పునర్నిర్మించవలసి ఉంటుంది.

2. గ్రంథాధారాలు

కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు సా.శ. 12వ శతాబ్దిలో రచించిన 'మానసోల్లాసం'లో మత్స్యవినోదం ఒక అధ్యాయం. గాలపు వేటను రాజవినోదంగా వర్ణించిన ఈ అధ్యాయంలో చేపల భేదాలు, వాటికి వేయవలసిన మేత, వేట సాధనాలు ప్రస్తావితమయ్యాయి. మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో దీనిని ఆధునిక పాఠకలోకానికి పరిచయం చేశాడు.

వలస పాలనాకాలంలో మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సలివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా'ను, 1887లో చెరువులలో గాలపు వేటకు ప్రత్యేకించిన 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా'ను ప్రకటించాడు. ఫ్రాన్సిస్ డే 1875-78 మధ్య వెలువరించిన 'ది ఫిషెస్ ఆఫ్ ఇండియా'లో చేపల తెలుగు పేర్లు కూడా నమోదయ్యాయి. ఎడ్గార్ థర్‌స్టన్ 1909 నాటి సంపుటాలలో బెస్తలను చేపల వేట, పల్లకీ మోత వృత్తులుగా గలవారిగా పేర్కొన్నాడు.

ఈ రచనల దృష్టి వేర్వేరు. ఒకటి రాజవినోదాన్ని, ఒకటి దొరల వినోదాన్ని, ఒకటి జీవశాస్త్రాన్ని, ఒకటి కులవర్ణనను లక్ష్యంగా పెట్టుకున్నది. జీవిక కోసం గాలం వేసేవాని చేతిపనితనం వీటిలో దేనికీ ప్రధాన విషయం కాదు.

3. చుట్టు: నారదారం, బెజ్జం లేని గాలం

జాన్ ఫోర్బ్స్ రాయిల్ 1855లో ప్రచురించిన భారతీయ నారమొక్కల గ్రంథం జనుము, జిల్లేడు, చాగ వంటి మొక్కల నారను వివరిస్తుంది. జిల్లేడు నార వింటినారికి, చేపల వేట దారాలకు ఉపయోగపడేది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నల్లరేగడిలో పత్తి ప్రధాన పంట కావడం వల్ల నూలు కూడా అందుబాటులో ఉన్న పదార్థమే.

నారకు, నూలుకు ఉపరితలం గరుకు. నీటిలో నానగానే ఉబ్బి, చుట్లు ఒకదానినొకటి ఒత్తుకుంటాయి. అందువల్ల వీటితో వేసిన సాధారణమైన ముడి కూడా జారిపోదు. పూర్వపు గాలాలలో అనేకం బెజ్జం లేనివి. కాడ చివరను సాగగొట్టి వెడల్పు చేసేవారు. దారాన్ని కాడకు ఆనించి, వరుసగా చుట్లు చుట్టి, కొసను లోపలికి దూర్చి బిగిస్తే ఆ వెడల్పు తల చుట్లను జారనివ్వదు. నిజానికి ఇక్కడ ముడి కంటె చుట్టుకే ప్రాధాన్యం. లాగే బలం ఒక్క వంపు మీద పడకుండా కాడ పొడవునా పంపిణీ అవుతుంది.

ఐరోపాలో కూడా చాలాకాలం ఇదే పద్ధతి. అక్కడ పట్టుపురుగు గ్రంథిని సాగదీసి తయారుచేసిన తంతువును గాలపు కాడకు మైనం పట్టించిన పట్టుదారంతో చుట్టేవారు. ఈ తంతువు ఎండినప్పుడు పెళుసుగా ఉంటుంది. నానబెట్టిన తరువాతే ముడివేయాలి. కృత్రిమ ఈగలు కట్టే చిన్న గాలాలకు బెజ్జం పెట్టడం 1880 దశకంలో ఇంగ్లండులో వ్యాప్తిలోకి వచ్చింది. బెజ్జం వచ్చిన తరువాత ఎర పాతదైతే దారం తెంపి కొత్తది కట్టుకొనే సౌలభ్యం కలిగింది. వేటగాడు గట్టుమీద నిలబడి తానే వేసుకోగల ముడి అవసరం కూడా అప్పుడే పెరిగింది.

4. ముడి: నైలాన్ తెచ్చిన మార్పు

అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ 1938లో నైలాన్‌ను ప్రకటించింది. ఏకతంతు నైలాన్ దారం మరుసటి సంవత్సరమే గాలపు వేటలో ప్రవేశించింది. కుళ్ళిపోకపోవడం, నీటిలో కనబడకపోవడం, సన్నగా ఉండి బలంగా ఉండడం దీని సుగుణాలు. నునుపు దీని దోషం. నారలో నిలిచిన ముడి నైలాన్‌లో జారిపోయింది. స్టాన్లీ బార్న్స్ 1947లో పట్టు తంతువుకు, నైలాన్‌కు వేయదగిన ముడులపై ప్రత్యేకంగా ఒక గ్రంథం రాయవలసి రావడం ఈ సంధికాలపు అవసరాన్ని సూచిస్తుంది.

నైలాన్ ముడుల నిర్మాణసూత్రం రాపిడి. దారాన్ని బెజ్జంలో దూర్చి, అసలు దారం చుట్టూ ఐదారు చుట్లు చుట్టి, కొసను బెజ్జం దగ్గరి సందులో నుండి తీసి బిగించే ముడి నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. చుట్టు కోణం పెరిగేకొద్దీ రాపిడి వల్ల కలిగే పట్టు గుణశ్రేఢిలో పెరుగుతుందన్న యాంత్రికశాస్త్ర నియమమే దీనికి మూలం. చుట్లు తక్కువైతే ముడి జారుతుంది. మితిమీరితే సమంగా బిగియదు. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ దెబ్బతింటుంది. అందుకే ముడిని తడిపి, మెల్లగా బిగించాలి.

తెలుగులోని రెండు మాటలు ఈ ముడి స్వభావాన్ని స్పష్టంగా పట్టిస్తాయి. లాగితే కదిలేది జారుముడి. బిగిసి ఊడిరానిది పీటముడి. గాలపు ముడి వేసేటప్పుడు జారుముడి. చేప లాగినప్పుడు పీటముడి. చేప బలమే ముడిని బిగిస్తుంది. ఈ రెండు గుణాలలో ఏది లోపించినా ఆ ముడి గాలానికి పనికిరాదు.

ఇటీవలి పాలిఇథిలీన్ అల్లిక దారాలు నైలాన్ కంటె నునుపైనవి. వీటికి నైలాన్ ముడిని యథాతథంగా వేస్తే జారే ప్రమాదం ఉంది. దారాన్ని రెండు పేటలుగా మడిచి బెజ్జంలో దూర్చి, ఆ మడతతో ముడివేసి, గాలాన్ని మడతలో నుండి దాటించి బిగించే పద్ధతి వీటికి అనుకూలం. పదార్థం మారిన ప్రతిసారీ పాత ముడి నైపుణ్యం తిరిగి పరీక్షకు నిలబడవలసి వచ్చిందని దీనివల్ల తెలుస్తుంది.

5. కొలికి: ఎర కదలిక సమస్య

వానపాము, కప్ప, చిన్నచేప వంటి సహజమైన ఎరలు తమ వాసనతోనో, కదలికతోనో చేపను ఆకర్షిస్తాయి. కృత్రిమ ఎరకు దారమే ప్రాణం పోయాలి. జూలియో బ్యూయెల్ 1852లో అమెరికాలో చెంచా ఆకారపు లోహపు ఎరకు పేటెంటు పొందాడు. ఫిన్లండ్‌లో లౌరి రాపాలా 1936లో బెండుతో చేప ఆకారపు ఎరను చెక్కాడు. ఇటువంటి ఎరల విజయం వాటి ఊగులాటలో ఉంది. బిగుతైన ముడి ఎర తలను ఒకే దిశలో పట్టి ఉంచి ఆ ఊగులాటను తగ్గిస్తుంది. కాబట్టి బెజ్జం చుట్టూ వదులైన ఉచ్చు మిగిల్చే ముడిగాని, చిన్న లోహపు కొలికిగాని అవసరమైంది. తిరిగే చెంచా ఎరకు దారం పురిపడకుండా తిరుగుడు కొలికి తప్పనిసరి.

ప్రొద్దుటూరు బంగారు వర్తకానికి పేరుపొందిన పట్టణం. నగ రెండు కొసలను కలిపే కొలికి అక్కడ నిత్యవ్యవహారంలోని మాట. గాలపు దారానికి తగిలించే తీయదగిన లోహపు కలయికకు ఇంతకంటె తగిన తెలుగు పదం లేదు. అయితే ప్రతి ఎరకూ కొలికి తగదు. అది బరువును పెంచుతుంది, నాచును పట్టుకుంటుంది. జమ్ము, తూడు దట్టంగా పెరిగిన మడుగులో కొరమీను కోసం కప్ప ఆకారపు ఎరను నీటి మీద లాగేటప్పుడు, దారాన్ని నేరుగా గాలానికి ముడివేయడమే మేలు. అక్కడ ఎర ఊగులాట కంటె, పట్టిన చేపను మొక్కల నడుమ నుండి బయటికి లాగగల బలం ముఖ్యం.

6. వృత్తి పదజాల దృష్టి

కడపలో ఉద్యోగ జీవితం గడిపిన సి.పి.బ్రౌన్ 1852లో ప్రకటించిన నిఘంటువులో గాలము, ఎర, ముడి వంటి పదాలకు చోటు దక్కింది. ఏ ముడి దేనికన్నది వివరించడం సామాన్య నిఘంటువు పరిధి కాదు; అది వృత్తి పదకోశం పని. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశాలలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయం 1962లో, చేనేత 1971లో వెలువడ్డాయి. పనిని దశలుగా విభజించి, ప్రతి దశలోని సాధనాన్నీ క్రియనూ వృత్తికారుని నోట సేకరించడం వాటి మార్గం. గాలపు వేటకు కూడా ఆ మార్గమే అనుసరణీయం.

ఈ పరిశీలన ఒక్క వృత్తికి పరిమితం కారాదు. తెగిన పోగును అతికే నేతగాని ముడి, వలకన్ను అల్లే ముడి నిర్మాణరీత్యా ఒక్కటే. మగ్గాలకు పేరుగన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతంలో నేతవారూ బెస్తలూ ఈ ముడిని ఏయే పేర్లతో పిలుస్తారో పక్కపక్కన నమోదుచేస్తే, వృత్తుల మధ్య జరిగిన జ్ఞానవినిమయానికి భాషాపరమైన సాక్ష్యం లభిస్తుంది. పేరుతోపాటు చేతి కదలికను చిత్రరూపంలో భద్రపరచడం అవసరం. చుట్ల సంఖ్య, కొస తిరిగే దిశ తెలియనిదే ముడి పేరు అసంపూర్ణమైన సమాచారం.

7. ముగింపు

చుట్టు, ముడి, కొలికి అనేవి ఒకదానిని తొలగించి మరొకటి వచ్చిన పద్ధతులు కావు. బెజ్జం లేని గాలానికి నేటికీ చుట్టే శరణ్యం. నునుపైన దారానికి చుట్లు గల ముడి, ఊగవలసిన ఎరకు వదులు ఉచ్చు లేదా కొలికి, మొక్కలు దట్టంగా ఉన్న నీటికి నేరుగా వేసిన గట్టి ముడి తగినవి. ఈ ఎంపికలో సంప్రదాయ జ్ఞానం, ఆధునిక పదార్థం పరస్పర విరుద్ధాలు కావు. అయితే అంగట్లో నైలాన్ దొరికినంత సులభంగా నారదారపు చుట్టు తెలిసిన చేతులు దొరకవు. పెన్నా పరీవాహక గ్రామాలలో ఆ చేతులు పనిచేస్తూ ఉండగానే క్షేత్రసేకరణ జరగాలి. దారంతోపాటే అదృశ్యమయ్యే ముడికి నమోదు ఒక్కటే శాశ్వతత్వం.