బౌహౌస్ విద్యాలయము: చేతిపని, యంత్రము, కళ

ఐరోపా ఆధునిక కళోద్యమములు అనగానే సాధారణముగా చిత్రకళయే మొదట స్మరణకు వచ్చును. కాని ఆ యుగమున కుర్చీ, దీపము, వస్త్రము, గృహము మొదలగు నిత్యోపయోగ వస్తువుల రూపమును గూర్చియు తీవ్రమైన చర్చ జరిగినది. ఆ చర్చకు ఒక ముఖ్యకేంద్రము జర్మనీ దేశమున 1919 మొదలు 1933 వఱకు నడచిన బౌహౌస్ విద్యాలయము. యంత్రయుగమునకు దగిన కళను సృష్టించుటకే ఈ విద్యాలయము పుట్టినదని పలువురు తలంతురు. దాని చరిత్రను కాలక్రమమున పరిశీలించినచో ఈ అభిప్రాయమును కొంత సవరింపవలసి యున్నదని తేలును.

సమస్య ఇంగ్లండులో పుట్టినది. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమున యంత్రనిర్మిత వస్తువులు రాశులుగా ప్రదర్శింపబడెను. పూర్వము శిల్పి చేతితో చెక్కిన లతలును పుష్పములును యంత్రముచే పోతపోయబడి, వస్తువులపై అతుకబడుట చూచి విమర్శకులు కొందఱు అసహ్యించుకొనిరి. పనియందు ఆనందము లేని కార్మికుడు చేసిన వస్తువునందు అందముండదని జాన్ రస్కిన్ అభిప్రాయము. విలియం మోరిస్ దీనిని ఆచరణమున పెట్టి, 1861లో మిత్రులతో కలసి ఒక సంస్థను నెలకొల్పి, గోడకాగితములు, వస్త్రములు, గృహోపకరణములు తయారు చేయించెను. ఇచ్చట ఒక చిక్కు ఏర్పడినది. చేతిపనికి కాలము హెచ్చు. కాలము హెచ్చినకొలది వెలయు హెచ్చును. సామాన్యుల కొఱకు సంకల్పింపబడిన వస్తువులు ధనికుల ఇండ్లకే చేరెను.

జర్మనులు వేఱొక మార్గము త్రొక్కిరి. 1907లో మ్యూనిక్ నగరమున కళాకారులును పరిశ్రమాధిపతులును కలసి వెర్క్‌బుండ్ అను సంఘమును స్థాపించిరి. యంత్రమును నిరాకరింపక, యంత్రము చేయు వస్తువును బాగుపఱచుట వీరి ధ్యేయము. కాని 1914లో కొలోన్ నగరమున జరిగిన సభలో వీరిలో వీరికే భేదము పొడసూపెను. వస్తురూపములకు ప్రామాణికత ఏర్పడవలెనని హెర్మన్ ముథేసియుస్ వాదించెను. పరులు నిర్ణయించిన మూసకు నిజమైన కళాకారుడు లోబడడని ఆన్రి వాన్ డి వెల్డె ప్రతివాదము చేసెను. పిదప బౌహౌస్‌ను స్థాపించిన వాల్టర్ గ్రోపియుస్ ఆనాడు వాన్ డి వెల్డె పక్షముననే నిలిచెననుట గమనింపదగినది.

1919లో వైమార్ నగరమందలి కళావిద్యాలయమును, చేతిపనుల విద్యాలయమును ఏకము చేసి గ్రోపియుస్ బౌహౌస్‌ను స్థాపించెను. ఆ సందర్భమున వెలువడిన ప్రకటనలో యంత్రప్రశంస కానరాదు. వాస్తుశిల్పులును, శిల్పులును, చిత్రకారులును చేతిపనికి మరలిపోవలెననుటయే దాని సారము. దాని ముఖపత్రముపై లియోనెల్ ఫైనింగర్ చెక్కిన చిత్రము యంత్రాగారమును గాక దేవాలయమును చూపును. విద్యార్థులు మధ్యయుగ వృత్తిసంఘములందువలె శిష్యులుగా చేరి, పని నేర్చినవారై పైమెట్టున కెక్కుచుండిరి. ప్రతి కర్మశాలయందును రూపమును బోధించు కళాకారుడొకడు, పనిని నేర్పు వృత్తినిపుణుడొకడు ఉండవలెనని నియమము. కావున ఆరంభదశలో బౌహౌస్ ముథేసియుస్‌కంటె మోరిస్‌కే దగ్గఱగా నుండెను.

మార్పు 1923 నాటికి స్పష్టమైనది. దీనికి కారణములు పెక్కు. హాలండు దేశపు డి స్టైల్ ఉద్యమనాయకుడు తేయో వాన్ డూస్‌బుర్గ్ వైమార్‌కు వచ్చి ఈ విద్యాలయపు భావావేశమును విమర్శించెను. ప్రాథమిక శిక్షణమును నడపిన యోహానెస్ ఇట్టెన్ 1923లో నిష్క్రమింపగా, లాస్లో మొహోలినాజ్ ఆ భారమును వహించెను. ధనమిచ్చు ప్రభుత్వము ఫలితములు చూపుమనుచుండెను. ఆ యేటి ప్రదర్శనమున కళకును యంత్రవిజ్ఞానమునకును ఐక్యము గ్రోపియుస్ నినాదమయ్యెను. విద్యాలయము 1925లో డెస్సౌ నగరమునకు తరలినది. ఆ యేడే మార్సెల్ బ్రాయర్ ఉక్కుగొట్టములను వంచి కుర్చీని నిర్మించెను.

నినాదము మారినంత మాత్రమున చిక్కు విడిపోలేదు. 1924లో విల్హెల్మ్ వాగెన్‌ఫెల్డ్ రూపొందించిన లోహపు దీపము చూపునకు యంత్రనిర్మితమువలె నుండును. కాని అది చేతితో చేయబడినది. యంత్రపు వస్తువువలె కనబడుచు చేతిపని వెల పలుకు దీపమును చూచి లైప్‌జిగ్ సంతలో వర్తకులు నవ్విరని ఆయనయే చెప్పియున్నాడు. మోరిస్‌ను చుట్టుకొన్న వైరుధ్యమే వేషము మార్చుకొని మరల వచ్చినదన్నమాట.

దీనికి సమాధానము కొంతవఱకు అనాదరమునకు గురియైన శాఖనుండి లభించినది. స్త్రీపురుష భేదము లేక ప్రవేశమిత్తుమని 1919లో ప్రకటించిన విద్యాలయమే, ఆచరణమున స్త్రీలను ఎక్కువగా నేతశాలకు పంపెను. ఆ నేతశాల గుంటా స్టోల్జ్‌ల్ నాయకత్వమున పరిశ్రమకు పనికివచ్చు వస్త్రములను పరిశోధించెను. ఆనీ ఆల్బర్స్ బెర్నౌలోని కార్మికసంఘ విద్యాలయపు సభామందిరము కొఱకు, ధ్వనిని మ్రింగుచు వెలుగును ప్రతిఫలింపజేయు వస్త్రమును నేసెను. 1928లో అధ్యక్షుడైన హన్నెస్ మేయర్ ప్రజల అవసరములే ప్రధానమనెను. మఱుసటి యేడు ఆరంభమైన గోడకాగితముల తయారీ బౌహౌస్‌కు వ్యాపారమున గొప్ప విజయము చేకూర్చెను.

ఈ కాలక్రమము మన దేశచరిత్రకును ఒకచోట ఉపకరించును. 1922 డిసెంబరులో కలకత్తాయందు ప్రాచ్యకళాసంఘము నడపిన ప్రదర్శనమున క్లే, కాండిన్‌స్కీ, ఇట్టెన్ మొదలగువారి కృతులు చూపబడెను. ఇది 1923 నాటి మార్పునకు పూర్వము. కావున ఇచ్చటి ప్రేక్షకులు చూచినది డెస్సౌ నాటి యంత్రకళను గాక తొలినాటి బౌహౌస్‌ను అని గ్రహింపవలెను.

నాజీల ప్రాబల్యముచే 1932లో డెస్సౌ విద్యాలయము మూతబడినది. మీస్ వాన్ డెర్ రోయె దానిని బెర్లినుకు తరలించి నడపెను. 1933లో అదియు ముగిసినది. పదునాలుగేండ్లలో మూడు నగరములు, మువ్వురు అధ్యక్షులు, పరస్పర విరుద్ధములైన సిద్ధాంతములు గల సంస్థను ఒకే శైలిగా వర్ణించుట చరిత్రకు సరిపడదు. చక్కని వస్తువు సామాన్యునికి అందుబాటు వెలకు లభించుట ఎట్లు? మోరిస్ నాటి ఈ ప్రశ్నకు బౌహౌస్ ఒకే ప్రత్యుత్తరము నీయలేదు. ఒకదానితో నొకటి పొసగని ప్రత్యుత్తరములను వరుసగా పరీక్షించినది. దాని విలువ ఆ పరీక్షయందే కలదు.