కడపలో కంకి కొడవలి

భారత కమ్యూనిస్టు పార్టీ (సి.పి.ఐ.) 1925 డిసెంబరు 26న కాన్పూరులో పుట్టింది. ఆంధ్ర శాఖ 1934లో ఏర్పడింది. పార్టీకి పట్టు దొరికింది ముఖ్యంగా కృష్ణా, గుంటూరు డెల్టాలో. అయినా కష్టకాలంలో దాన్ని లోక్‌సభలో నిలబెట్టింది మాత్రం కరువు జిల్లా కడప.

పెన్నా, చిత్రావతి పక్క పల్లెల్లో "పార్టీ" అంటే ఊరిపెద్ద వెనక కట్టుకట్టే వర్గమనే అర్థం. అలాంటి చోట సభ్యత్వం, చందా, జెండా ఉన్న పార్టీ నిలదొక్కుకోవడం చిన్న విషయం కాదు. 1949లో మద్రాసు ప్రభుత్వం పార్టీని నిషేధించింది. ఆ తర్వాత వచ్చిన 1952 సార్వత్రిక ఎన్నికల్లో జమ్మలమడుగు ప్రాంతం పెద్దపసుపులకు చెందిన ఎద్దుల ఈశ్వరరెడ్డి కడప లోక్‌సభ స్థానం గెలిచారు.

1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల్లో పార్టీకి 196లో 15 స్థానాలే దక్కాయి. 1957లో కడప కూడా చేజారింది. 1962లో ఈశ్వరరెడ్డి తిరిగి గెలిచారు. 1964లో పార్టీ చీలినప్పుడు ఆయన సి.పి.ఐ.లోనే ఉండిపోయారు. చీలిక దెబ్బ మామూలుది కాదు. 1962లో శాసనసభలో 51 స్థానాలున్న పార్టీ, 1967లో రెండుగా విడిపోయి ఒకదానిపై ఒకటి పోటీచేస్తే, రెంటికీ కలిపి వచ్చినవి 20. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లోని 41 లోక్‌సభ స్థానాల్లో సి.పి.ఐ. గెలిచింది కడప ఒక్కటే. 1971లో ఇందిరాగాంధీ గాలిలోనూ అదే జరిగింది. ఈ రెండు గెలుపులకు రాష్ట్ర కమ్యూనిస్టు చరిత్రలో దక్కవలసినంత చోటు దక్కలేదు. 1977 నుంచి ఆ స్థానం మళ్ళీ కంకి కొడవలికి రాలేదు.

ఓట్లు తగ్గినా అక్షరం మిగిలింది. పులివెందుల ప్రాంతం పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి పార్టీ దినపత్రిక విశాలాంధ్రలో పనిచేశారు, సంవేదన పత్రిక నడిపారు, మాస్కోలో ప్రగతి ప్రచురణాలయానికి అనువాదాలు చేశారు. ఆయన "అనువాద సమస్యలు"కు 1988 కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. గజ్జెల మల్లారెడ్డి వ్యంగ్య కవిత్వమూ ఈ జిల్లా వామపక్ష వాతావరణంలోంచి వచ్చిందే.

రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభలో సి.పి.ఐ.కి ఒక్క స్థానమూ రాలేదు. 2023 ఏప్రిల్‌లో జాతీయ పార్టీ గుర్తింపు కూడా పోయింది. ఇప్పుడు జిల్లాలో పార్టీ పని ప్రధానంగా నీళ్ళు, ఉక్కు చుట్టూ తిరుగుతోంది. జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు కర్మాగారానికి 2007, 2018, 2019, 2023లలో శంకుస్థాపనలు జరిగాయి. కర్మాగారం కట్టాలని వామపక్షాలు ఆందోళనలు చేస్తూనే వచ్చాయి. 26.85 టి.ఎం.సి.ల గండికోట జలాశయం కింద తాళ్ళప్రొద్దుటూరుతో సహా కొండాపురం మండలంలోని ఊళ్ళు మునిగాయి. ఆ నిర్వాసితుల పరిహారం, పునరావాసాల కోసమూ ఎర్రజెండా పట్టినవాళ్ళు ధర్నాల్లో కూర్చున్నారు.