వెనుక ఆధారపు మరలు: అమెరికా పాత రైఫిల్ స్కోపుల చరిత్ర

రైఫిలు మీద బిగించే టెలిస్కోపు, అంటే వాడుకలో స్కోపు, అమెరికాలో ఒక చేతిపనిగా స్థిరపడింది న్యూయార్క్ రాష్ట్రంలోనే. యుటికా పట్టణంలో తుపాకులు తయారుచేసే మోర్గాన్ జేమ్స్, సివిల్ ఇంజనీరు జాన్ చాప్‌మన్ తోడ్పాటుతో, 1840 ప్రాంతంలో దాదాపు తుపాకీ గొట్టమంత పొడవైన స్కోపులను రూపొందించాడు. 1855లో సిరక్యూస్‌లో పని ప్రారంభించిన విలియం మాల్కమ్, రెండు రకాల గాజును జతచేసి రంగుల అంచులను అణచివేసే కటకాలను వాటిలో ప్రవేశపెట్టి, బొమ్మకు కొత్త స్పష్టత తెచ్చాడు. అయినా ఈ పరికరాల చరిత్రను కటకాల చరిత్రగా మాత్రమే చెప్పడం న్యాయం కాదు. గురి నిలవడమైనా తప్పడమైనా గొట్టాన్ని పట్టి ఉంచే ఆధారాల మీదనే ఎక్కువగా ఆధారపడింది.

1910 ప్రాంతంలో వచ్చిన వించెస్టర్ ఎ5 మొదలుకొని, స్కోపులు తయారుచేసే ఫెకర్ సంస్థలో పనిచేసి 1934లో పిట్స్‌బర్గ్‌లో సొంత కర్మాగారం స్థాపించిన జాన్ అనర్టల్ స్కోపుల వరకు, గురిని సవరించడమంటే గొట్టాన్నే కదల్చడం. ముందు ఆధారం ఇరుసులా నిలవగా, వెనుక ఆధారంలో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి చొప్పున రెండు మైక్రోమీటరు మరలు గొట్టాన్ని నెడతాయి; వాటికి ఎదురుగా స్ప్రింగు బలంతో పనిచేసే చిన్న కడ్డీ గొట్టాన్ని మరలకు ఆనించి ఉంచుతుంది. రెండు ఆధారాల మధ్య ఎడం 7.2 అంగుళాలుగా పాటించడం వెనుక చక్కని లెక్క ఉంది: 100 గజాలు, అంటే 3,600 అంగుళాలు, ఆ ఎడానికి సరిగ్గా 500 రెట్లు కనుక, మర అంగుళంలో రెండువేలవ వంతు జరిగితే తూటా తగిలే చోటు పావు అంగుళం మారుతుంది. మర తిప్పేటప్పుడు చేతికి తెలిసే ఒక్కో ‘క్లిక్కు’ విలువ ఇదే. అందుచేత స్కోపును వేరొక రైఫిలుకు మార్చి ఆధారాలను మరో ఎడంలో బిగిస్తే మరపై అంకెలు ఆ లెక్కకు నిలవవు. పాత స్కోపులను కొనేవారు తరచు పొరబడే చోటు ఇదే.

ఈ అమరికకు నిత్యసంరక్షణ తప్పనిసరి. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు గొట్టం జడత్వం వల్ల ఆధారాల్లో ముందుకు జారుతుంది కనుక, ప్రతి తూటా తరువాత దాన్ని వెనక్కి లాగవలసి వచ్చేది. ఆ రాపిడిలో ఇసుకరేణువు చేరితే గొట్టంపై గీతలు పడతాయి కాబట్టి, దాన్ని తుడిచి పలుచని నూనె పూత మాత్రమే ఉంచడం ఆచారమైంది. మరను కావలసినదానికన్నా కాస్త ఎక్కువగా విప్పి, మళ్లీ స్ప్రింగుకు ఎదురుగా బిగిస్తూ కావలసిన గుర్తు వద్ద ఆపడం మరొక నియమం. మరచుట్ల మధ్య ఉండే సందు వల్ల కలిగే తేడా అప్పుడే తొలగుతుంది. లోపలి పని మరింత సున్నితం. గురి గీతలుగా సాలీడు పోగులను వాడిన స్కోపుల్లో తెగిన పోగును తీసి, లోహపు వలయంపై గీసిన సన్నని గాట్లలో కొత్తదాన్ని పరిచి లక్కతో అతికేవారు. కటకాల జంటను అతికించే కెనడా బాల్సమ్ అనే చెట్టు జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి అంచుల వద్ద విడిపోతే, మెల్లగా వేడిచేసి విడదీసి, శుభ్రపరచి తిరిగి అతికించవచ్చు. నేటి దృష్టికి కష్టమనిపించినా, ఈ పరికరం తన లోపాలను తెరిచి చూపేదనీ, నేర్పుగల చేతికి లొంగేదనీ గుర్తించాలి.

1930లో విలియం వీవర్ తెచ్చిన 330 రకం స్కోపు, మరలను గొట్టం మీదికే చేర్చి, లోపలి గురి గీతలనే కదిల్చే పద్ధతిని చవక ధరకు అందించింది. అందులో సవరణ ఎక్కువైతే గీతలు దృశ్యం మధ్యనుంచి పక్కకు తొలగి కనిపించేవి. ఆ లోపాన్ని తగ్గించడానికి ఆధారాల కింద పలుచని లోహపు రేకులు పెట్టేవారు. 1947లో ల్యూపోల్డ్ సంస్థ లోపల తేమ పట్టకుండా నైట్రోజన్ వాయువు నింపి మూసిన స్కోపును విడుదల చేసింది. అటువంటి గొట్టాన్ని విప్పితే వాయువు పోతుంది, తిరిగి నింపి మూసే సాధనాలు ఇళ్లలో ఉండవు. కాబట్టి అంతవరకు యజమాని బల్లమీద సాగిన మరమ్మతు అక్కడినుంచి కర్మాగారానికి చేరింది.