కార్టూన్ నెట్‌వర్క్: 1992

అమెరికాలోని అట్లాంటా కేంద్రంగా నడిచిన టర్నర్ బ్రాడ్‌కాస్టింగ్ సిస్టమ్ నెలకొల్పిన కేబుల్ టీవీ ఛానల్ కార్టూన్ నెట్‌వర్క్. 1992 ఫిబ్రవరిలో దీన్ని ప్రకటించారు. అదే ఏడాది అక్టోబర్ 1న ప్రసారాలు మొదలయ్యాయి. 24 గంటలూ కార్టూన్లే చూపించడం అప్పట్లో దీని ప్రత్యేకత. ఆ ఏడాది ఈ ఛానల్ కోసం ఒక్క కొత్త సిరీస్ కూడా తయారు కాలేదు. తెర మీద ఆడిన బొమ్మల్లో చాలా భాగం చూసే పిల్లలు పుట్టకముందే గీసినవి. అయినా యానిమేషన్ చరిత్రలో 1992కు పెద్ద పీటే వేయాలి. అరవై ఏళ్ళ పాటు వేర్వేరు స్టూడియోల్లో గీసిన బొమ్మలు చేతులు మారి మారి ఒకే యజమాని దగ్గరికి చేరాయి. వాటికి రేయింబవళ్ళు వెలిగే తెర దొరికింది ఆ ఏడాదే.

పాత రీళ్ళు చేరిన దారి

ఈ కథ మొదలైంది 1986లో. అప్పటికి టెడ్ టర్నర్ వార్తల ఛానల్ సీఎన్ఎన్ అధిపతిగా ప్రపంచానికి తెలుసు. ఆ ఏడాది ఆయన హాలీవుడ్‌లోని ఎంజీఎం సంస్థను సుమారు 150 కోట్ల డాలర్లకు కొన్నాడు. అప్పుల భారం మోయలేక కొద్ది వారాల్లోనే స్టూడియోను, దాని పేరును, చిహ్నాన్ని తిరిగి అమ్మేశాడు. పాత సినిమాలను మాత్రం వదల్లేదు. అంత డబ్బు పోసి పాత రీళ్ళు కొనుక్కున్నాడని అప్పట్లో చాలామంది వెక్కిరించారు. అప్పులు ముంచెత్తడంతో 1987లో కేబుల్ కంపెనీలు డబ్బు పెట్టి ఆదుకున్నాయి. బదులుగా ఆయన సంస్థ బోర్డులో కుర్చీలు తీసుకున్నాయి.

ఆ రీళ్ళలో ఎంజీఎం కార్టూన్లన్నీ ఉన్నాయి. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా 1940 నుంచి 1958 దాకా తీసిన 114 టామ్ అండ్ జెర్రీ చిత్రాలు, టెక్స్ ఏవరీ సృష్టించిన డ్రూపీ వాటిలోవే. మరో రెండు నిధులు కూడా వాటి వెంటే వచ్చాయి. ఒకటి ఫ్లైషర్ సోదరులు 1933లో మొదలుపెట్టిన పొపాయ్ కార్టూన్లు. రెండోది వార్నర్ బ్రదర్స్ వాళ్ళ పాత రంగుల కార్టూన్లు. తమ పాత చిత్రాలకు ఇక విలువ లేదనుకుని వార్నర్ సంస్థ 1956లో వాటిని అమ్మేసింది. ఆ హక్కులు యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కు, అక్కడి నుంచి ఎంజీఎంకు, చివరికి టర్నర్‌కు దక్కాయి.

అయితే 1956 నాటి ఆ అమ్మకానికి ఒక హద్దు ఉంది. 1948 ఆగస్టుకు ముందు విడుదలైన చిత్రాలే దానిలోకి వస్తాయి. అందువల్ల బగ్స్ బన్నీ, డాఫీ డక్, ట్వీటీ కథల్లో కొన్నే టర్నర్‌వి. మిగతావి వార్నర్ దగ్గరే ఉండిపోయి, నికెలోడియన్, ఏబీసీ ఛానళ్ళలో ప్రసారమయ్యేవి. రోడ్ రన్నర్ తొలి చిత్రం వచ్చింది 1949లో. అందుకే కొత్త ఛానల్‌లో బగ్స్ బన్నీ పరుగులు తీశాడు గానీ రోడ్ రన్నర్ జాడ లేదు. ఒకే స్టూడియోలో పుట్టిన పాత్రలను 36 ఏళ్ళ కిందటి ఒక కాగితం విడదీసింది. 1996లో టర్నర్ సంస్థ టైమ్ వార్నర్‌లో విలీనమయ్యాకే వీళ్ళంతా ఒకే గూటికి చేరారు.

ఇవి ఎంత గొప్పవైనా ఒక్కొక్కటీ ఏడెనిమిది నిమిషాలే. వీటితో రోజులో 24 గంటలు నింపడం కష్టం. ఆ లోటు తీర్చింది హన్నా-బార్బెరా స్టూడియో. 1991లో టర్నర్ సంస్థ ఒక భాగస్వామితో కలిసి, గట్టి పోటీ మధ్య, ఆ స్టూడియోను 32 కోట్ల డాలర్లకు దక్కించుకుంది. ఫ్లింట్‌స్టోన్స్, యోగి బేర్, జెట్సన్స్, స్కూబీ-డూ వంటి అరగంట సిరీస్‌లు దానితో వచ్చాయి. ఛానల్ పెట్టడానికి కావలసిన సరుకు నిండింది.

శనివారం ఉదయాలు

అమెరికా పిల్లలకు అప్పటిదాకా కార్టూన్ అంటే శనివారం ఉదయమే. పెద్ద టీవీ నెట్‌వర్క్‌లు ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ మూడూ 1960ల నుంచి ఆ వేళను కార్టూన్లకు కేటాయించాయి. 1992లో ఎన్‌బీసీ ఆ ఆనవాయితీని వదిలేసింది. శనివారం కార్టూన్లు తీసేసి వార్తా కార్యక్రమాన్ని, టీనేజీ పిల్లల సిరీస్‌లను పెట్టింది. పిల్లల కేబుల్ ఛానల్ నికెలోడియన్ 1991 ఆగస్టులో డగ్, రుగ్రాట్స్, రెన్ అండ్ స్టింపీ అనే మూడు సొంత కార్టూన్లతో ముందుకొచ్చింది. 1992 సెప్టెంబర్‌లో ఫాక్స్ బ్యాట్‌మన్ యానిమేషన్ సిరీస్‌ను మొదలుపెట్టింది. నికెలోడియన్, ఫాక్స్ వంటి పోటీదారులు కొత్త బొమ్మలకు ఖర్చు పెడుతున్న వేళ టర్నర్ పాతవాటినే నమ్ముకున్నాడు.

ఛానల్ బాధ్యతను బెట్టీ కోహెన్ తీసుకున్నారు. ఏ కార్టూన్ ఎప్పుడు రావాలో కూర్చే పని మైక్ లాజోది. టర్నర్ సంస్థలో ఉత్తరాలు పంచే విభాగంలో చిన్న ఉద్యోగిగా చేరి పైకి వచ్చిన వ్యక్తి ఆయన. అక్టోబర్ 1 ప్రారంభ వేడుకకు వ్యాఖ్యాత మనిషి కాదు, డ్రూపీ. ఎప్పుడూ దిగులు మొహంతో నెమ్మదిగా మాట్లాడే ఈ కుక్కను ఎంచుకోవడంలోనే నడిపేవాళ్ళకు పాత కార్టూన్ల మీద ఎంత ప్రేమో తెలుస్తుంది. తొలి రోజుల్లో ఛానల్ చేరిన ఇళ్ళు సుమారు 20 లక్షలే.

ఒకే తెరపై రెండు కాలాలు

ఆ తొలి నెలల ప్రసారాల్లోని అసలు విలువ వ్యాపార లెక్కల్లో కనిపించదు. టామ్ అండ్ జెర్రీ సినిమా హాళ్ళ కోసం తీసినది. అసలు సినిమాకు ముందు వేసే ఆ చిన్న చిత్రానికి స్టూడియో డబ్బుకు వెనుకాడేది కాదు. పిల్లి ఒళ్ళు విరుచుకున్నా మీసం కదిలినా ప్రతి దశనూ గీసేవారు. స్కాట్ బ్రాడ్లీ సంగీతం ఒక్కో అడుగుకూ ఒక్కో స్వరం పలికించేది. ఆ చిత్రాలకు ఏడు ఆస్కార్లు వచ్చాయి. 1957లో ఎంజీఎం తన కార్టూన్ విభాగాన్ని మూసేసింది. ఉద్యోగం పోయిన హన్నా, బార్బెరా సొంత స్టూడియో పెట్టి టీవీకి పని మొదలుపెట్టారు. టీవీ ఇచ్చే డబ్బు చాలా తక్కువ. కాబట్టి బొమ్మలు తగ్గించారు. ఒళ్ళు కదలకుండా నోరు, కళ్ళు, చేతులు మాత్రమే కదిలాయి. యోగి బేర్ మెడకు టై, కాలర్ ఉండటానికి కారణం ఇదే. కాలర్ దగ్గర గీత ఉంటే తలను విడిగా కదిలించవచ్చు, మొండెం మళ్ళీ గీయనక్కర్లేదు. కదలిక తగ్గిన చోటల్లా మాటలతో, గొంతులతో, హాస్యంతో నింపారు.

ఒకే ఇద్దరు మనుషులు, డబ్బు ఉన్నప్పుడు ఒకలా, లేనప్పుడు ఇంకోలా చేసిన ఈ రెండు పనులూ 1992లో ఒకే రోజు ఒకే ఛానల్‌లో పక్కపక్కనే కనిపించాయి. యానిమేషన్ నేర్చుకోవాలనుకునే పిల్లవాడికి ఇంతకన్నా మంచి బడి ఉండదు. మునుపు ఇలాంటి చిత్రాలు చూడాలంటే స్థానిక టీవీ కేంద్రాలు ఎప్పుడు వేస్తాయో కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చేది.

లోపాలూ ఉన్నాయి. నలుపు తెలుపులో తీసిన పొపాయ్ చిత్రాలను టర్నర్ సంస్థ 1980ల్లో దక్షిణ కొరియాలో మళ్ళీ గీయించి రంగులు వేయించింది. ఫ్లైషర్ స్టూడియో గీతలోని చురుకుదనం వాటిలో చాలా పోయింది. పాత చిత్రాల్లో నల్లవారిని కించపరిచే బొమ్మలు కూడా ఉన్నాయి. అలాంటి 11 వార్నర్ కార్టూన్లను యునైటెడ్ ఆర్టిస్ట్స్ 1968లోనే పక్కన పెట్టింది. టర్నర్ ఆ నిర్ణయాన్ని మార్చలేదు. అది సరైన పనే.

నెమ్మదిగా పెరిగిన తీరు

ఛానల్ మొదలైన నాలుగు రోజులకు, అంటే అక్టోబర్ 5న, అధ్యక్షుడు బుష్ వీటోను తోసిపుచ్చి అమెరికా కాంగ్రెస్ కొత్త కేబుల్ చట్టాన్ని తెచ్చింది. అది కేబుల్ ఛార్జీలకు అదుపు పెట్టింది. స్థానిక టీవీ కేంద్రాలను తప్పనిసరిగా చూపాలనీ అంది. అప్పటి కేబుల్ తీగల్లో ఛానళ్ళకు చోటు తక్కువ. ఉన్న ఖాళీ స్థానిక కేంద్రాలకు పోతే కొత్తవాళ్ళకు మిగిలేది కొంచెమే. అందుకే టర్నర్ తన ఇతర ఛానళ్ళు టీబీఎస్, టీఎన్‌టీల్లో కూడా ఈ కార్టూన్లు వేయించి జనానికి అలవాటు చేశాడు.

సొంత కార్యక్రమాల కోసం చేతిలో డబ్బు లేదు. 1993లో వచ్చిన మాక్సీ షో పాత కార్టూన్లను పరిచయం చేసే కార్యక్రమం. 1994 ఏప్రిల్‌లో మైక్ లాజో బృందం 1966 నాటి హన్నా-బార్బెరా సిరీస్ స్పేస్ ఘోస్ట్ బొమ్మలనే కత్తిరించి, కొత్త మాటలు అతికించి, ఒక ఇంటర్వ్యూ కార్యక్రమంగా మార్చింది. పేదరికంలోంచి పుట్టిన ఆ ఆలోచన అచ్చమైన సృజన. పెద్దల కోసం 2001లో మొదలైన అడల్ట్ స్విమ్‌కు పునాది అదే.

కొత్త కార్టూన్లకు విత్తనం మాత్రం 1992లోనే పడింది. ఫ్రెడ్ సీబర్ట్ ఆ ఏడాది హన్నా-బార్బెరా స్టూడియో అధిపతి అయ్యాడు. పాతకాలం పద్ధతిలో ఏడు నిమిషాల చిత్రాలు తీయడానికి యువ కళాకారులకు అవకాశమిచ్చాడు. 1995లో మొదలైన ఆ చిత్రమాల నుంచే గెండీ టార్టకోవ్‌స్కీ తీసిన డెక్స్‌టర్స్ ల్యాబొరేటరీ (1996), క్రెయిగ్ మెక్‌క్రాకెన్ సృష్టించిన పవర్‌పఫ్ గర్ల్స్ (1998) వచ్చాయి. కొత్తవి పెరిగేకొద్దీ పాతవాటికి చోటు తగ్గింది. 2000లో బూమరాంగ్ అనే వేరే ఛానల్ పెట్టి వాటిని అక్కడికి పంపారు.

భారతదేశానికి

కార్టూన్ నెట్‌వర్క్ అమెరికాలో మొదలైన మర్నాడే, 1992 అక్టోబర్ 2న, ఇక్కడ జీ టీవీ ప్రసారాలు ప్రారంభించింది. మన ఇళ్ళలోకి కేబుల్ తీగలు వస్తున్న రోజులవి. 1995 మే 1న కార్టూన్ నెట్‌వర్క్ భారత్‌లో అడుగుపెట్టింది. పగలంతా కార్టూన్లు, సాయంత్రం నుంచి అదే ఛానల్‌లో టీఎన్‌టీ పాత హాలీవుడ్ సినిమాలు. మాటలు ఇంగ్లిష్‌లోనే. అయినా టామ్ అండ్ జెర్రీలో మాటలు దాదాపు లేవు కాబట్టి తెలుగు పల్లెల్లోని పిల్లలకు కూడా అడ్డు రాలేదు. తర్వాతి ఏళ్ళలో హిందీ, తమిళం, తెలుగు డబ్బింగ్ వచ్చాయి. 2001లో ఛానల్ ఇక్కడ 24 గంటలదైంది.

2004 జనవరి 1న టర్నర్ సంస్థ భారతీయ పిల్లల కోసం పోగో అనే రెండో ఛానల్ ప్రారంభించింది. 2008లో ఆ ఛానల్‌లో మొదలైన ఛోటా భీమ్‌ను తయారు చేసింది హైదరాబాద్‌లో రాజీవ్ చిలకా స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్.