సోడా రొట్టె, సుల్తాన్ వెయ్యి పౌండ్లు

మొన్న ఇత్వార్ నాడు మెహమాన్లు వస్తున్నారని తెలిసేసరికి అసర్ దాటింది. ఖమీర్ లేదు, నాన్ చేసేంత టైమూ లేదు. నాలుగు కప్పుల మైదాలో చెంచా తినే సోడా, చెంచా ఉప్పు, పుల్లటి చిక్కటి మజ్జిగ కలిపాను. ఎక్కువ పిసక్కుండా ముద్ద చేసి, పైన కత్తితో ప్లస్ గుర్తులా గాటు పెట్టి, కాలిన ఓవెన్‌లోకి తోశాను. ముప్పావు గంటలో రొట్టె తయార్. మజ్జిగలోని పులుపు సోడాకు తగలగానే గ్యాస్ పుడుతుంది. ఆ గ్యాసే పిండిని లేపుతుంది. కలిపాక ఆలస్యం చేస్తే గ్యాస్ పోయి రొట్టె రాయి అవుతుంది, అంతే జాగ్రత్త.

"ఇది ఎవరి రొట్టె అబ్బా?" అంది మా బేటీ. ఐర్లాండ్ వాళ్ళదమ్మా అన్నాను.

అక్కడ పండే గోధుమ మెత్తటిది. ఖమీర్‌తో బాగా పొంగదు, సోడాకైతే సరిపోతుంది. 1830లలో సోడా చవగ్గా దొరకడం మొదలయ్యాక గరీబుల ఇళ్ళకూ చేరింది. వాళ్ళకు ఓవెన్లు ఎక్కడివి? ఇనప పాత్రలో ముద్ద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేవారు. అచ్చం మన దమ్ బిర్యానీ దేగ్‌లాగే!

ఆ రోజుల్లోనే కహత్ వచ్చింది. 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు పట్టింది. గరీబులకు తిండి అంటే ఆలుగడ్డే. పది లక్షల మంది చనిపోయారు, దాదాపు అంతే మంది దేశం విడిచిపోయారు. ధాన్యం మాత్రం ఓడల్లో బయటికి పోతూనే ఉంది. లండన్ ఖజానా శాఖలో ఇమ్దాద్ లెక్కలు చూసిన పెద్ద అఫ్సర్ చార్లెస్ ట్రెవెల్యన్. ఖర్చు పెరగకూడదన్నదే అతని పట్టు. 1859లో ఆయనే మద్రాస్ గవర్నర్‌గా వచ్చాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాస్ కిందే ఉన్నాయి మరి.

ఇక్కడే నేను జోష్‌లో సుల్తాన్ కహానీ ఎత్తుకున్నాను. 1847లో ఉస్మానీ సుల్తాన్ అబ్దుల్ మజీద్ ఐర్లాండ్‌కు పది వేల పౌండ్లు ఇవ్వబోతే, మలికా విక్టోరియా ఇచ్చింది రెండు వేలే కాబట్టి తగ్గించమన్నారనీ, అప్పుడాయన వెయ్యి ఇచ్చి, చాటుగా అనాజ్ ఓడలు ద్రోహెడా రేవుకు పంపాడనీ, అందుకే ఆ ఊరి నిషానీలో చాంద్ తారా ఉందనీ చెప్పాను.

"సబూత్ ఏది అబ్బా?" అంది. పదో తరగతి పిల్ల. నా నోరు మూతపడింది.

రాత్రి ఇషా తర్వాత కూర్చుని చూశాను. వెయ్యి పౌండ్లు పక్కా. ఐర్లాండ్ పెద్దమనుషులు సంతకాలు చేసి సుల్తాన్‌కు పంపిన షుక్రియా ఖత్ నేటికీ ఉంది. ద్రోహెడా చాంద్ తారా మాత్రం కహత్‌కు కొన్ని వందల ఏళ్ళ ముందు నుంచే అక్కడుంది, దానికీ సుల్తాన్‌కూ సంబంధం లేదు. ఓడల మాట జనం నోట ఉన్నంత గట్టిగా కాగితం మీద లేదు. 1995లో ఊళ్ళో పెట్టిన ఫలకం కూడా కహానీ బతికుందనే చెబుతుంది గానీ, జరిగిందని కాదు.

నిజం చెప్పాలంటే, ఆ ఓడల మెసేజ్ ఒకప్పుడు మా ఖాందాన్ గ్రూప్‌లో నేనే ఫార్వర్డ్ చేశాను. పొద్దున ఫజర్ తర్వాత దాన్ని సరిచేస్తూ ఇంకోటి రాశాను: వెయ్యి పౌండ్లు హఖీకత్, చాంద్ తారా కాదు, ఓడలకు సబూత్ లేదు. మా బడే భాయ్ ఒకాయనకు కోపం వచ్చింది. "సుల్తాన్ ఇజ్జత్ తగ్గించావు" అన్నారు. "వెయ్యి పౌండ్లు తక్కువా భాయ్? మతం వేరు, మాట వేరు, ముఖం కూడా చూడని జనానికి ఇచ్చాడు" అన్నాను. ఆయనింకా జవాబివ్వలేదు. రొట్టె మాత్రం మిగల్లేదు.