తపేదిఖ్ క్రిమి మందుకు ఎందుకు లొంగదు?

తపేదిఖ్, అనగా క్షయ, పేరు వింటేనే మన పెద్దలు హడలిపోయేవారు. మందు లేని రోజులవి. 1915 నుంచి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో రోగులకు ముఖ్యంగా దొరికింది విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి.

1943లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో షాట్జ్ స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నారు. మన భీమవరంలో 1895లో పుట్టిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ కాలంలో అదే దేశంలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలు నడిపేవారు. ఆయన నాయకత్వాన 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. అది క్షయ మందు కాకపోయినా, మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి మందు తీసిన ఆ యుగంలో మన ఊరి బిడ్డ కూడా ఉన్నారన్నది మనకు గర్వకారణం.

అదే 1948లో బ్రిటన్ వైద్యుల పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. స్ట్రెప్టోమైసిన్ తీసుకున్న 55 మందిలో చాలామందికి మొదట గుణం కనిపించింది. కొన్ని నెలలకే క్రిమి ఆ మందును లెక్కచేయడం మానేసింది.

కారణమేమిటి? ఉర్దూలో "హాల్" అన్న మాటపై ఒక్క చుక్క పడితే "ఖాల్" అవుతుంది. స్థితి కాస్తా పుట్టుమచ్చ అయిపోతుంది. క్రిమి తన జన్యువులకు నకలు రాసుకునేటప్పుడు అలాంటి తప్పులే దొర్లుతాయి. ఐసోనియాజిడ్ అనే మందును పనిలోకి దింపేది క్రిమిలోని కాట్‌జీ జన్యువు తయారుచేసే ఎంజైము. ఆ జన్యువు చెడితే మందు నిద్రలేవదు. ఈ సంగతి 1992లో తేలింది. ఆర్‌పీఓబీ జన్యువు మారితే రిఫాంపిసిన్‌కు పట్టు దొరకదని 1993లో తేలింది.

ఇక్కడొక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈ తప్పును మందు పుట్టించదు. కోట్లాది క్రిముల్లో అలాంటివి కొన్ని ముందే ఉంటాయి. ఒక్క మందే వాడినా, సగంలో మానేసినా మామూలు క్రిములు చచ్చి, మొండివి మిగిలి పెరుగుతాయి. రెండు మూడు మందులు కలిపితే అన్నింటికీ లొంగని క్రిమి దొరకడం బహు అరుదు. అందుకే 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక వైద్యులు మందులు కలిపి ఇవ్వడం స్థిరపరిచారు. 1956లో మొదలైన మద్రాసు కేంద్రం, ఇంటి దగ్గరే ఉండి మందులు తిన్నా నయమవుతుందని నిరూపించింది.

సోదర సోదరీమణులారా! రెండు నెలలకు దగ్గు తగ్గగానే "ఇక చాల్లే" అనుకోవద్దు. మొండి క్రిమి ఆ ఇంట్లోనే ఆగదు. పిల్లలకూ, పొరుగువారికీ అంటుతుంది. మందు సర్కారు ఆస్పత్రిలో ఉచితమే. కళ్లెలో ఆ జన్యు మార్పు ఉందేమో సుమారు రెండు గంటల్లో చూసే పరీక్ష కూడా ఉంది. ఆడపిల్ల పెళ్లి చెడుతుందని జబ్బు దాచవద్దు. ప్రతి మర్జుకూ దవా ఉందని నమ్మే మనం, డాక్టరు చెప్పినన్నాళ్లూ ఆ దవా పూర్తిగా తినడం కూడా మన బాధ్యతే అనుకోవాలి.